మెదడులో దీపాలూ, మీటలూ

2021 మే నెలాఖరు. కరోనా భయంతో ఊరు ఊరంతా తలుపులు వేసుకుని కూర్చున్న రోజులు. మా మావయ్యకి పేపరు చదివి వినిపించడం ఇంట్లో నా డ్యూటీ. ఆ రోజు ఒక చిన్న వార్త దగ్గర "ఆగు, మళ్ళీ చదువు" అన్నాడు. ఎన్నో ఏళ్ళ క్రితం చూపు పోయిన 58 ఏళ్ళ మనిషి కంట్లోకి ఫ్రాన్సులో ఏదో జన్యువు ఎక్కించారట. ఎదురుగా బల్ల మీద పుస్తకం పెడితే చెయ్యి చాపి తాకగలిగాడట. ఆ జన్యువు నీటి పాచిలోదట!

"అమ్మాయ్, నువ్వు చదివేది బై.పి.సి.యే గదా. ఇది నిజమేనా? లేకపోతే ఇదీ ఆ ఇంజక్షన్ల బాపతేనా?" అని అడిగాడు.

మావయ్యది రెటినైటిస్ పిగ్మెంటోసా. చిన్నప్పుడు రేచీకటి అన్నారు. పొద్దు వాలితే బంతి కనపడక ఆట మానేసేవాడట. తర్వాత పక్కచూపు పోయింది, గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నది మాత్రమే కనిపించేది. నలభై దాటేసరికి ఆ గొట్టమూ మూసుకుపోయింది. మా అమ్మమ్మా తాతయ్యా మేనరికం. ఈ జబ్బులో చాలా రకాలు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు చెడ్డ జన్యువులు కలిస్తేనే బయటపడతాయి. దగ్గర సంబంధాల్లో అలా కలిసే అవకాశం ఎక్కువ. ప్రపంచం మొత్తం మీద సుమారు 4000 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని లెక్క. ఇంజక్షన్ల సంగతి ఏమిటంటే, ఒకచోట నరాలకి బలం వస్తే చూపు తిరిగొస్తుందని చెప్పి రెండు పంటల డబ్బు తీసుకున్నారు. చూపు రాలేదు. కనుక మావయ్య అడిగిన "నిజమేనా?" అన్నది ఊసుపోక అడిగిన ప్రశ్న కాదు.

ఆ రోజు "ఏమో మావయ్యా" అన్నాను. ఇప్పుడు జంతుశాస్త్రం ఎమ్మెస్సీలో చేరి, లైబ్రరీలో కూర్చుని అటూ ఇటూ చదివాక ఆ జవాబు చెప్పగలననిపించింది. అందుకే ఈ వ్యాసం. అయితే పాచి దగ్గరికి వెళ్ళే ముందు మెదడు దగ్గరికి వెళ్ళాలి. ఎందుకంటే ఆ విద్య పుట్టింది కంటి కోసం కాదు, మెదడు కోసం.

రాత్రి పది గంటలకి మా హాస్టలు మేడ మీద నిలబడి ఊరి వైపు చూడండి. దీపం వెలిగే కిటికీ ఏదో, ఆరిన కిటికీ ఏదో తెలుస్తుంది. దాన్ని బట్టి ఎవరు మెలకువగా ఉన్నారో, ఏ వీధి ముందు పడుకుంటుందో కూడా చెప్పొచ్చు. మెదడు కూడా ఒక ఊరే అనుకుంటే అందులో ఇళ్ళు సుమారు 8,600 కోట్లు. చిట్టెలుక మెదడులోనే 7 కోట్లు. కాని ఆ ఊళ్ళో ఒక్క ఇంటికీ దీపం లేదు. పనిచేస్తున్న నాడీకణానికీ, ఊరికే ఉన్న నాడీకణానికీ సూక్ష్మదర్శినిలో చూస్తే ఏమీ తేడా కనపడదు. నాడీకణం పనిచేయడమంటే దాని పొర మీద విద్యుత్తు సెకనులో వెయ్యోవంతు పాటు ఎగసి పడడం. దాన్ని పట్టుకోవాలంటే సన్నని తీగ ఒకటి ఆ కణం దాకా దూర్చాలి. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ నాడిలో తీగ దూర్చి ఈ విద్యుత్తు గుట్టు విప్పారు. 1952లో అచ్చయిన ఆ పనికి 1963లో నోబెల్ బహుమతి వచ్చింది. గొప్ప పని, సందేహం లేదు. కాని ఒక తీగ దూర్చితే ఒక ఇంటి సంగతే తెలుస్తుంది, లేదా చుట్టుపక్కల నాలుగిళ్ళ సంగతి. ఊరి సంగతి తెలియదు.

పోనీ మనమే ఒక కణాన్ని కదిలించి ఏమవుతుందో చూద్దామంటే అదింకా కష్టం. తీగలోకి కరెంటు పంపడం వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు వేసినట్టుంటుంది. ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒక్కసారే వెలుగుతాయి. అందులో వంటవాడి ఇల్లేదో, కాపలావాడి ఇల్లేదో ఎవరు చెప్పాలి?

డి.ఎన్.ఏ. నిర్మాణం కనుక్కున్న ఇద్దరిలో ఒకడైన ఫ్రాన్సిస్ క్రిక్ తర్వాతి కాలంలో మెదడు వైపు మళ్ళాడు. 1979లో ఒక వ్యాసంలో ఆయన, మెదడులో ఒకే రకం కణాలన్నింటినీ ఆపి, మిగతా రకాల్ని ముట్టుకోకుండా ఉండే పద్ధతి కావాలని రాశాడు. 1999 నాటికి ఆ పని కాంతితో చేస్తే బాగుంటుందని కూడా అన్నాడు. ఎలా చెయ్యాలో మాత్రం ఆయనకీ తెలియదు. తమాషా ఏమిటంటే, ఆయన కోరిన దానికి కావలసిన సరుకులు అప్పటికే లోకంలో ఉన్నాయి. ఒకటి సముద్రంలో, ఒకటి చెరువులో. వాటిని చూస్తున్నవాళ్ళకి మెదడు ధ్యాసే లేదు.

ముందు సముద్రం సంగతి. ఒసాము షిమోమురా అనే జపాను యువకుడు 1961 వేసవిలో అమెరికాలో ప్రిన్స్‌టన్ నుంచి పడమటి తీరాన ఫ్రైడే హార్బర్‌కి కారులో వెళ్ళాడు. అక్కడ ఒక రకం జెల్లీచేప అంచుల్లో ఆకుపచ్చగా వెలుగుతుంది. అది ఎలా వెలుగుతోందో తెలుసుకోవాలన్నదే అతని పంతం. వలలతో పట్టడం, అంచులు కత్తిరించడం, గుడ్డలో వేసి పిండడం – ఇదీ పని. పిండిన రసం లోని వెలుగు ఎలా ఆపాలో, మళ్ళీ ఎలా రప్పించాలో ఎంతకీ తేలలేదు. పడవేసుకుని నీళ్ళ మీద తేలుతూ రోజులు గడిపాడు. చివరికి ఆ రసంలో ఆమ్లం పెంచితే వెలుగు ఆగింది. ఒకరోజు మిగిలిన రసాన్ని సింకులో పారబోశాడు. సింకంతా నీలంగా భగ్గుమంది! చేపల తొట్టి నుంచి పొంగిన సముద్రపు నీరు ఆ సింకులోకే పోతోంది మరి. సముద్రపు నీటిలో ఉన్న కాల్షియమే ఆ దీపాన్ని వెలిగిస్తోందని అలా తేలింది. ఆ పదార్థానికి ఇక్వోరిన్ అని పేరు పెట్టారు. దాంతో పాటే ఆ రసంలో మరొక పదార్థం దొరికింది. ఇక్వోరిన్ ఇచ్చే నీలం కాంతిని తాను తీసుకుని ఆకుపచ్చగా మార్చి ఇచ్చే మాంసకృత్తు అది. దాన్నే ఇప్పుడు అందరూ జి.ఎఫ్.పి. అంటారు. 1962 నాటి వ్యాసంలో దాని ప్రస్తావన పక్కమాటగా వచ్చింది, అంతే. ఆ తర్వాత భార్యాపిల్లలతో సహా వేసవి వేసవికీ వెళ్ళి ఆ కుటుంబం పట్టిన జెల్లీచేపలు మొత్తం ఎనిమిదిన్నర లక్షలట.

కాల్షియానికీ మెదడుకీ ఏమిటి సంబంధం? ఉంది. ఊరికే ఉన్న నాడీకణం తన లోపల కాల్షియాన్ని దాదాపు లేకుండా ఊడ్చేసుకుంటుంది. బయట ఉన్న దాంట్లో పదివేల వంతు మాత్రమే లోపల ఉంటుంది. కణం స్పందించగానే తలుపులు తెరుచుకుని కాల్షియం లోపలికి దూకుతుంది. కాబట్టి కాల్షియం వస్తే వెలిగే దీపం ఒకటి కణంలో పెట్టగలిగితే, కణం పనిచేసినప్పుడల్లా ఆ ఇంటి కిటికీలో దీపం కనపడుతుంది. 1967లోనే రిడ్జ్‌వే, ఆష్లీ అనే ఇద్దరు సముద్రపు బార్నకిల్ కండరంలోకి ఇక్వోరిన్ ఎక్కించి ఈ వెలుగు చూశారు. కాని సూది పెట్టి ఎన్ని కణాల్లోకి ఎక్కిస్తాం? కణమే తన దీపాన్ని తాను తయారుచేసుకోవాలి. అంటే ఆ దీపం జన్యువు కావాలి.

ఇక్కడ డగ్లస్ ప్రాషర్ అనే మనిషిని గురించి చెప్పకుండా ముందుకు పోబుద్ధి కావడం లేదు. వుడ్స్‌హోల్ అనే సముద్ర పరిశోధన కేంద్రంలో ఒక్కడే కూర్చుని జి.ఎఫ్.పి. జన్యువును బయటికి తీసినవాడు ఆయన. 1992లో అచ్చు వేశాడు. అప్పటికే గ్రాంటు అయిపోయింది, కొత్త గ్రాంటు రాలేదు. పరిశోధన మూసేస్తూ, అడిగిన ఇద్దరికి ఆ జన్యువును పంపించాడు. ఒకరు మార్టిన్ చాల్ఫీ. 1994లో ఆయన దాన్ని ఒక సూక్ష్మమైన పురుగులో పెట్టి, స్పర్శ తెలిపే నాడీకణాలు మాత్రమే పచ్చగా వెలిగేలా చేశాడు. రెండోవారు రోజర్ త్సియన్. ఆయన ఆ మాంసకృత్తును మార్చి మార్చి ఎన్నో రంగులు పుట్టించాడు, 1997లో దాంతో కాల్షియం దీపం కూడా కట్టాడు. 2008లో రసాయన శాస్త్రం నోబెల్ బహుమతి షిమోమురా, చాల్ఫీ, త్సియన్ ముగ్గురికీ వచ్చింది. ఆ వార్త వచ్చేనాటికి ప్రాషర్ అలబామా రాష్ట్రంలో ఒక కార్ల దుకాణంలో వ్యాను డ్రైవరు. ఖాతాదారుల్ని ఇంటి దగ్గర దింపి రావడం ఉద్యోగం. చాల్ఫీ, త్సియన్ తమ ఖర్చుతో భార్యాభర్తలిద్దర్నీ స్టాక్‌హోమ్ తీసుకెళ్ళారు. తర్వాత కొన్నాళ్ళు త్సియన్ ప్రయోగశాలలోనే పనిచేశాడు కూడా. ప్రాషర్ తన దగ్గరున్న గొట్టాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకుంటే ఎవరూ తప్పనేవారు కాదు. పంపించాడు. ఈ సంగతి చదివిన రోజు నాకు మెస్సులో అన్నం సయించలేదు.

ఇంక దీపం కట్టుబడి చూద్దాం. 2001లో జపానులో నకాయ్ బృందం తయారుచేసిన దానికి జీక్యాంప్ అని పేరు. జి.ఎఫ్.పి. ఒక డబ్బా ఆకారంలో ఉంటుంది, వెలిగే భాగం లోపల ఉంటుంది. ఆ డబ్బాను ఒకచోట కోసి కన్నం పెట్టారు, దాంతో వెలుగు మందగిస్తుంది. కోసిన ఒక అంచుకు కాల్మోడ్యులిన్ అనే మాంసకృత్తును, రెండో అంచుకు చిన్న తోకనూ అతికించారు. కాల్షియం రాగానే కాల్మోడ్యులిన్ దాన్ని పట్టుకుని ముడుచుకుపోయి, ఆ తోకను చుట్టేసుకుంటుంది. గొళ్ళెం పడ్డట్టు కన్నం మూసుకుంటుంది. నీలం కాంతి వేసి చూస్తే పచ్చని వెలుగు పెరుగుతుంది. కాల్షియం పోతే మళ్ళీ మందగిస్తుంది. మొదటివి మరీ గుడ్డిదీపాలు. అమెరికాలో జనేలియా అనే పరిశోధన సంస్థలో నాలుగువందలకు పైగా రకాలు నాడీకణాల్లో పెట్టి పరీక్షించి, 2013లో ఆరో తరం దీపాన్ని ప్రకటించారు. దాంతో ఒక్కొక్క స్పందననూ కంటితో చూసే రోజు వచ్చింది. అదే సంవత్సరం అక్కడే ఆరెన్స్, కెల్లర్ ఒక జీబ్రాచేప పిల్ల మెదడు మొత్తాన్ని చూశారు. ఈ చేప మన ఉపఖండపు వాగుల్లోదే. పిల్లగా ఉన్నప్పుడు గాజులా ఉంటుంది, కొయ్యనక్కరలేదు. సుమారు లక్ష కణాల్లో ఎనభై శాతాన్ని 1.3 సెకన్లకొకసారి బొమ్మ తీయగలిగారు. ఆ సినిమా కంప్యూటర్ల గదిలో చూశాను. దీపావళి రాత్రి మేడ మీంచి ఊరిని చూసినట్టే ఉంది.

లోపం లేదని కాదు. నాడీకణం స్పందన వెయ్యోవంతు సెకనులో ముగుస్తుంది. కాల్షియం దీపం దానికి పదుల, వందల రెట్లు ఎక్కువసేపు వెలుగుతూనే ఉంటుంది. గుడిలో గంట కొట్టినవాడు ప్రదక్షిణకి వెళ్ళిపోయినా మోత నిలిచి ఉన్నట్టు. వెంటవెంటనే రెండుసార్లు కొడితే విడదీసి వినడం కష్టం. అందుకే కాల్షియంతో నిమిత్తం లేకుండా విద్యుత్తుకే నేరుగా వెలిగే దీపాల కోసం ఇప్పుడు చాలామంది పనిచేస్తున్నారు.

దీపాలయ్యాయి. ఇప్పుడు మీటలు, అంటే చెరువు సంగతి.

క్లామిడోమోనాస్ పేరు వింటేనే బోటనీ రికార్డు గుర్తొస్తుంది. కోడిగుడ్డు ఆకారం, పైన రెండు కశాభాలు, లోపల గిన్నె లాంటి హరితరేణువు, పక్కన ఎర్ర స్కెచ్‌పెన్నుతో ఒక చుక్క. ఆ చుక్క నేత్రబిందువు. "దీనివల్ల కాంతి దిశ తెలుసుకుంటుంది" అని ఒక్క వాక్యం రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఎలా తెలుసుకుంటుందని అడిగినవాళ్ళం లేము. జర్మనీలో పీటర్ హేగెమాన్ అడిగాడు, ఏళ్ళ తరబడి అదే పట్టుకు కూర్చున్నాడు. కాంతి పడగానే ఆ పాచి కణంలో అతి త్వరగా విద్యుత్తు పుడుతుందని గమనించాడు. 2002, 2003 సంవత్సరాల్లో నాగెల్, బాంబెర్గ్‌లతో కలిసి దాని గుట్టు బయటపెట్టాడు. కాంతిని పట్టే మాంసకృత్తూ, విద్యుత్తును లోపలికి వదిలే తలుపూ వేరువేరు కావు, రెండూ ఒకటే! నీలం కాంతి పడితే తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపు పేరు చానెల్‌రొడాప్సిన్. కప్ప గుడ్డులో పెట్టినా పనిచేసింది.

కప్ప గుడ్డులో పనిచేసింది నాడీకణంలో ఎందుకు పనిచెయ్యకూడదు? 2004 వేసవిలో స్టాన్‌ఫర్డ్‌లో ఎడ్ బాయ్‌డెన్, కార్ల్ డైసెరాత్ చేసి చూశారు. నీలం వెలుగు ఒక మెరుపు మెరిస్తే నాడీకణం ఒకసారి స్పందించింది. పది మెరుపులకు పదిసార్లు. 2005లో అచ్చయింది. నిజానికి కాంతితో నాడీకణాన్ని కదిలించడంలో ముందు నడిచినవాడు గీరో మీసెన్‌బాక్. 2002లోనే ఈగ కంటిలోని మాంసకృత్తులు కొన్ని కలిపి ఆ పని చేశాడు. కాని అది మూడు ముక్కల యంత్రం. పాచి తలుపు ఒక్క ముక్క. సులువైనదే అందరి చేతికీ వెళ్ళింది. 2007కల్లా ఆపే మీట కూడా దొరికింది. ఈజిప్టు ఉప్పు సరస్సుల్లో బతికే సూక్ష్మజీవిలోని మాంసకృత్తు పసుపు కాంతి పడితే నాడీకణాన్ని ఊరుకోబెడుతుంది. క్రిక్ అడిగిన మీట అదే.

మరి ఒక రకం కణంలోనే మీట ఎలా పెడతారు? శరీరంలో ప్రతి కణానికీ ఉన్నది ఒకే పుస్తకం, జన్యువుల పుస్తకం. కాని వంటవాడు వంటల అధ్యాయం తెరుస్తాడు, దర్జీ బట్టల అధ్యాయం తెరుస్తాడు. ఏ రకం కణం ఏ అధ్యాయం తెరుస్తుందో తెలిస్తే, ఆ అధ్యాయపు శీర్షిక కిందే పాచి జన్యువును అంటించి పంపొచ్చు. కాయితం అన్ని ఇళ్ళకీ చేరినా చదివేది ఆ ఇల్లే. బట్వాడా చెయ్యడానికి పోస్టుమాను ఒక వైరస్సు. జబ్బు చేసే శక్తి తీసేసి, సంచీలో మన కాయితం పెడతారు.

ఈ విద్యతో ఏం చేశారో చెప్పాలంటే సావనీరు మొత్తం చాలదు. ఒక్కటి చెబుతాను, నాకు కొంచెం భయం వేసినది. 2013లో అమెరికాలో టొనెగావా ప్రయోగశాలవాళ్ళు ఒక ఎలుకను ఒక పెట్టెలో తిరగనిచ్చి, ఆ పెట్టె జ్ఞాపకంలో పాలుపంచుకున్న కణాల్లో మాత్రమే మీట పెట్టారు. మర్నాడు వేరే పెట్టెలో ఆ కణాల్ని వెలిగిస్తూ కాళ్ళకి చిన్న షాకు ఇచ్చారు. మళ్ళీ మొదటి పెట్టెలో వదిలితే ఎలుక భయంతో బిగుసుకుపోయింది. ఆ పెట్టెలో దానికి ఏ హానీ జరగలేదు! జరగని దాని జ్ఞాపకాన్ని పుట్టించారన్న మాట. తోలుబొమ్మలాటలో తెర వెనక చెయ్యి ఎవరిదని అడగాల్సిన రోజు ఎలుకల వరకే ఆగుతుందా అని మా క్లాసులో గంటసేపు వాదించుకున్నాం. తేలలేదు. ఇంతకీ ఇది మనుషుల మెదడులో చెయ్యాలంటే వైరస్సు ఎక్కించాలి, పుర్రెలోంచి కాంతి పంపాలి. అంత తేలిక కాదు.

కాని శరీరంలో కాంతి తనంతట తాను వెళ్ళే చోటు ఒకటుంది కదా. అదే కన్ను. రెటీనా కూడా మెదడులో భాగమే. మావయ్య జబ్బులో చచ్చిపోయేవి కాంతిని పట్టే కణాలు. వాటి వెనక మెదడుకి కబురు మోసే నాడీకణాలు చాలావరకు బతికే ఉంటాయి. కబురు ఇచ్చేవాడు లేక ఊరికే కూర్చుని ఉంటాయి. ఆ కూర్చున్నవాళ్ళకే పాచి మీట ఇస్తే? డెట్రాయిట్‌లో జో-హువా పాన్‌కి ఈ ఆలోచన వచ్చింది. 2006లో ఆయన బృందం గుడ్డి ఎలుకల రెటీనా మళ్ళీ కాంతికి స్పందించేలా చేసింది. 2016లో అమెరికాలో మొదటిసారి మనిషి కంట్లో ప్రయత్నించారు. దీంట్లో పెద్ద సుగుణం ఏమిటంటే, ఈ జబ్బు తెచ్చే జన్యువులు డజన్ల కొద్దీ ఉన్నాయి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క మందంటే ఎప్పటికి తెమిలేను? ఈ పద్ధతికి ఏ జన్యువు చెడిందన్న పట్టింపు లేదు.

పేపర్లో పడ్డ ఫ్రాన్సు మనిషికి చికిత్స చేసింది సాహెల్, రోస్కా బృందం. వాళ్ళు వాడినది క్లామిడోమోనాస్‌లోనే మరో జాతి నుంచి తీసి మార్చిన మీట. నీలం కాకుండా కాషాయం రంగు కాంతికి తెరుచుకుంటుంది, కంటికి అది తక్కువ శ్రమ. ఒక కంట్లోకే ఎక్కించారు. మామూలు వెలుతురు ఈ మీటకి చాలదు కనుక కెమెరా ఉన్న ప్రత్యేకమైన కళ్ళద్దాలు పెట్టి, ఎదుటి దృశ్యాన్ని కాషాయం మెరుపులుగా మార్చి రెటీనా మీద వేస్తారు. కళ్ళద్దాలు తీస్తే ఏమీ లేదు. నెలల తరబడి సాధన చేశాక ఒకరోజు వీధిలో రోడ్డు దాటేచోట ఉండే తెల్లచారలు తెలిశాయన్నాడు. పరీక్షలో పెద్ద నోటుపుస్తకాన్ని 92 శాతం సార్లు తాకగలిగాడు. చిన్న స్టేపుల పెట్టెను 36 శాతమే. మొహాలు గుర్తుపట్టడం, చదవడం లేవు.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మావయ్యకి ఇదంతా చెప్పాను. నిజమే మావయ్యా, ఇంజక్షన్ల బాపతు కాదు, అయితే అది ఒక్క మనిషి గురించి రాసిన వ్యాసం అన్నాను. ఇంకా పరిశోధకుల చేతుల్లో ఉన్న పని. ఎవరైనా డబ్బు కట్టించుకుని చేస్తామంటే నమ్మొద్దని రెండుసార్లు చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "స్టేపుల పెట్టె నాకెందుకే, గుమ్మం ఎటుందో తెలిస్తే చాలు" అన్నాడు. ఆ తర్వాత, "ఇంతకీ ఆ పాచి మన చెరువులో ఉంటుందా?" అని అడిగాడు.

ఉండొచ్చన్నాను. పేరు ఇంకోసారి చెప్పమన్నాడు. క్లామిడోమోనాస్ అన్నాను. రెండుసార్లు పలికి చూసుకుని, తిన్నగా వచ్చాక, పేపరు చదవమన్నాడు.